వెలుతురు కారే మూల

సదాశివ దృష్టిలో వెలుతురు కూడా ఒక సరుకే. దాన్ని ఎక్కడ చూపిస్తే లాభమో, ఎక్కడ దాచకపోతే నష్టమో రాణిగంజ్‌లో బల్బులూ వైర్లూ అమ్మిన కాలంలోనే అతనికి ఒంటబట్టింది. తర్వాత ఆ దుకాణం ఎత్తేసి, రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత మేడ పై అంతస్తులో బిల్డర్లకు మోడళ్లు చేసి ఇచ్చే పని పెట్టాడు. కట్టబోయే అపార్ట్‌మెంటును నూరో వంతుకు కుదించి, ఆక్రిలిక్ గోడలు, ఫోమ్ నేల, లోపల సన్నటి లైట్లు పెట్టి ఇస్తే, వాళ్లు దాన్ని అమ్మకాల ఆఫీసులో నిలబెట్టుకుంటారు. అమ్ముడుపోయిన ఫ్లాటులో లైటు వెలుగుతుంది. పోనిది చీకటిగా ఉంటుంది. వెలిగే ఫ్లాటులోంచి ఏ సందులోనో వెలుతురు పక్క ఫ్లాటులోకి కారిందనుకోండి, చూడటానికి వచ్చినవాడు అది కూడా ఎవరో కొనేశారనుకుని చక్కా పోతాడు. వెంట్రుకంత సందు ఒక గిరాకీని మింగేస్తుంది. అందుకని లీకులు మూయడంలో సదాశివ ఎవరినీ నమ్మేవాడు కాదు, ఆలిస్‌ని తప్ప.

ఆలిస్‌ది లాలాగూడ. వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేసి రిటైరయ్యాడు. ఆమె అగ్గిపెట్టెంత గదులకు రంగులు వేస్తుంది. ఎడమచేతి వాటం. కుంచె ఎప్పుడూ కుడి నుంచి ఎడమకు లాగుతుంది. చేతికంటే నోరు చురుకు.

మోడల్ పూర్తయ్యాక మధ్యాహ్నం భోజనాలవగానే షట్టరు దించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, లైట్లన్నీ వేసి చూడటం వాళ్ల పద్ధతి. సదాశివ పెన్సిల్‌తో చుట్టూ తిరుగుతూ, వెలుతురు కారిన చోటల్లా ఇంటూ గుర్తు పెడతాడు. ఆ సందులకు ఆలిస్ లోపలి వైపు నుంచి నల్లరంగు పూస్తుంది. నిగనిగలాడని నలుపు, వెలుతురును తాగేసే రకం. అది ఆరాక పైన తెలుపు, బయట అసలు రంగు.

ఆ మంగళవారం పరీక్షకు పెట్టింది కాప్రా మోడల్. చెరువు పక్కన రెండు టవర్లు, వాటి ముందు పచ్చిక. యుగంధర్ అనే బిల్డర్ ఇచ్చిన పని. ఇది నచ్చితే రాబోయే ప్రాజెక్టుల మోడళ్లన్నీ సదాశివకేనని మాటిచ్చాడు. నచ్చకపోతే బెంగళూరు వాళ్లు ఎలాగూ కాచుకుని ఉన్నారు.

టవర్లలో దొరికిన లీకులు తక్కువే. సదాశివకు ప్రాణం కుదుటపడుతుండగా ఆలిస్ పిలిచింది.

"ఏందన్నా, మన గడ్డి సుత వెలుగుతుందా?"

చెరువు వైపు మూలలో, పచ్చిక మధ్య, పెసరగింజంత వెలుగు.

"కింద వైరేదో పోయిందేమో. స్విచ్ బంద్ చెయ్యి."

"చేసిన."

టవర్లు ఆరిపోయాయి. పెసరగింజ ఆరలేదు.

"ప్లగ్గు పీకు."

"పీకి చేతిల పట్టుకున్న గదా. ఇగో, చూడు." ఆ కాస్త వెలుగులోనే ఆమె చేతిలో ప్లగ్గు పిన్నులు మెరిశాయి.

సదాశివ వంగి చూశాడు. పాతకాలపు బల్బులా పసుపు రంగు. అతని స్టాకులో ఆ రంగు లైటే లేదు. తను కొనని సరుకు తన దుకాణంలో కనిపిస్తే ఏ వ్యాపారికైనా ఒళ్లు జలదరిస్తుంది. అతనికీ జలదరించింది.

"పచ్చిక లేపి చూద్దాం," అన్నాడు గట్టిగా, ఆ జలదరింపు ఆలిస్‌కు తెలియకూడదని.

పచ్చిక షీటు లేపితే దాని కింద ఫోమ్‌లో ఒక గుంట కనిపించింది. అరచేయంత ఉంది. ఒక పక్క వసారా, దాని వెనక రెండు గదులు. ఇంటి ఆకారం.

అదెలా వచ్చిందో ఇద్దరికీ తెలుసు. మోడల్ మొదలుపెట్టేటప్పుడు సర్వే పటాన్ని కింది షీటు మీద పరిచి, అందులో ఉన్న ప్రతి ఇంటి గీత వెంబడీ కత్తితో కోసెయ్యడం వాళ్ల అలవాటు. చుట్టుపక్కల ఇళ్లకు తెల్లటి దిమ్మలు చేసి ఆ గుంటల్లో కూర్చోబెడతారు. ఆలిస్ అలాగే అన్నీ కోసేసింది. తర్వాత యుగంధర్ ఫోన్ చేసి, "ఆ మూలనున్న ఇల్లు వద్దు, పచ్చిక పరిచేయండి," అన్నాడు. గుంటను నింపకుండా పైన పచ్చిక కప్పేశారు. ఒక పని తప్పిందనుకున్నారు.

"గుంటల ఏం లేదన్నా. వైరు లేదు, పాడు లేదు," అంది ఆలిస్ వేలు పెట్టి తడుముతూ. తర్వాత వేలు చప్పున వెనక్కి తీసుకుంది. "వెచ్చగున్నది."

"మొన్నటి గ్లూ ఆరలేదేమో. ఒక చెయ్యి నలుపు కొట్టు."

ఆమె కుడి నుంచి ఎడమకు ఒక పూత వేసింది. పచ్చిక మళ్లీ పరిచారు. వెలుగు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చీకట్లో కళ్లు అలవాటుపడ్డాక ఉండీ లేనట్టు కనిపిస్తూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం యుగంధర్ వచ్చి చూశాడు. టవర్ల చుట్టూ తిరిగి, తల ఊపి, మూల దగ్గర ఆగాడు.

"సదాశివ్ భాయ్, ఏందిది?"

"చిన్న లీకు సార్. మూసేస్తున్నాం."

"అది జెర పక్కాగా మూయండి. ఇంకెక్కడున్నా పరవాలేదు గానీ ఆ మూల చీకటిగా ఉండాలె. అక్కడ ఒక ట్యూషన్ టీచరమ్మ ఉంది, ప్రేమమణి అని. ఇల్లు ఇయ్యనంటది. కొనేటోళ్లకు అక్కడ ఒక ఇల్లు ఉన్నదన్న అనుమానమే రావొద్దు." అని నవ్వాడు. "అయినా ఖాళీ చేసినట్టే ఉంది లెండి. మంగళవారం సంది ఆ ఇంట్ల లైటే కనపడ్తలేదని మా వాచ్‌మన్ చెప్పిండు. రేపొచ్చి మోడల్ తీస్కపోతా."

యుగంధర్ మెట్లు దిగిపోయాక కూడా సదాశివ అక్కడే నిలబడ్డాడు. ఒకే రోజున రెండు దుకాణాల్లో ఒకే సరుకు పోతే దొంగ ఒకడే అయి ఉంటాడు. ఇది రాణిగంజ్‌లో నేర్చుకున్న లెక్క. మంగళవారం ఇక్కడ ఒక వెలుగును ఆర్పారు. మంగళవారమే అక్కడ ఒక వెలుగు పోయింది. అర్థం లేని మాట అని తనకు తనే చెప్పుకున్నాడు. కానీ లెక్క కుదిరిన చోట అర్థం లేదని తోసిపుచ్చడం అతనికి చేతకాదు.

"నేను కాప్రా దాకా పోయి సైటు చూసి వస్త," అన్నాడు.

"మోడలంతా అయినంక ఇప్పుడు సైటేంది? పెండ్లయినంక పిల్లను చూసినట్టు?"

"నువ్వు రెండో పూత కొట్టి, పైనుంచి అల్యూమినియం టేపు వెయ్యి. సాయంత్రానికి చుక్క కారొద్దు."

ఆ మాట తన నోటితోనే చెప్పి బయల్దేరాడు.

కాప్రా చేరేసరికి సూర్యుడు చెరువు అంచు మీద ఉన్నాడు. సైటు చుట్టూ నీలం రేకులు పాతారు. లోపల చదును చేసిన నేల, దాని మూలన వసారా ఉన్న చిన్న డాబా ఇల్లు. సదాశివ దాని ముందుకెళ్లి నిలబడ్డాడు. వసారా, వెనక రెండు గదులు. ఆ ఆకారం అతని గుంటదే.

కిటికీ రెక్కలు తెరిచే ఉన్నాయి. వాటి వెనక నలుపు. చీకటి గదిలోకి చూస్తే ఒక గిన్నె అంచో, గోడ మీద క్యాలెండరో ఎంతోకొంత కనిపిస్తుంది. ఇక్కడ ఏమీ లేదు. చూపు వెళ్లి ఆగిపోతోంది. ఇలాంటి నలుపు కొన్న రశీదులు అతని బీరువాలో ఉన్నాయి.

తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. నలభై దాటిన ఆవిడ ఎదురుగా నిలబడి, గుడ్డివాళ్లు చూసినట్టు అతని భుజం పక్కకు చూస్తోంది.

"ఎవరండీ? బయట ఏమీ కనబడటం లేదు. కాస్త లోపలికి రండి."

ఆమె వెనక గది నిండా వెలుగు. ఒక ట్యూబులైటు, దాని పక్కన పసుపు బల్బు. నేల మీద చాపలు, గోడకు బ్లాక్‌బోర్డు, దాని మీద సగం రాసిన గుణకారం. ఆ వెలుగు గడప దాకా వచ్చి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. సదాశివ చెయ్యి చాచాడు. మణికట్టు దాకా పసుపు రంగు, ఆ తర్వాత సాయంత్రపు బూడిద రంగు. చెయ్యి రెండు ముక్కలైనట్టు కనిపించింది. వెనక్కి తీసుకుందామనుకున్నాడు. లెక్క తేలకుండా వెనక్కి పోతే రేపు ఇంకా పెద్ద నష్టం. లోపలికి అడుగు పెట్టాడు.

"నా పేరు సదాశివ అండీ. బొమ్మల ఇళ్లు... మోడళ్లు చేస్తాం. సైటు చూద్దామని వచ్చాను."

"బిల్డరు మనిషా?" ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"కాదమ్మా. ఆయన గిరాకీ, నేను వ్యాపారిని."

"అదే కదండీ." ఆమె నవ్వింది కానీ కుర్చీ మాత్రం లాగి వేసింది. "కూర్చోండి అన్నయ్యగారూ. మనిషి మొహం చూసి మూడు రోజులైంది. ఆ రేకులు కట్టాక ఏం మాయ చేశారో, మంగళవారం నుంచి పగలు కూడా మసక. నేను లైటు వేసుకునే కూర్చుంటున్నాను. కానీ బయటినుంచి చూస్తే ఇల్లు చీకటిగా ఉందట. పిల్లలు గేటు దాకా వచ్చి, టీచర్ లేదనుకుని వెళ్లిపోతున్నారు. నిన్న షెకీనా వాళ్లమ్మ ఫోన్ చేసి అడిగింది, ఇల్లు అమ్మేసి ఎక్కడికి పోయారండీ అని. నేను ఇంట్లోనే కూర్చుని ఉన్నాను, వింటున్నారా!"

"పిల్లలు రాకపోతే?"

"రాకపోతే ఈ ఇంట్లో నేనెందుకు అన్నయ్యగారూ? ఇల్లు ఇవ్వనన్నది నా కోసం కాదు. చెరువు పక్క బస్తీ పిల్లలకి సాయంత్రం కూర్చోడానికి ఇంకో చోటు లేదు." ఆమె కిటికీ వైపు చూసింది. "అందరూ లేదనుకుంటే మనిషి నిజంగానే లేకుండా పోతుందేమో అనిపిస్తోంది."

సదాశివ కూడా కిటికీ వైపు చూశాడు. మసగ్గా ఇంకా కాస్త ఆకాశం కనిపిస్తోంది. కుడి అంచున ఒక నల్లటి చార పుట్టింది. మెల్లగా ఎడమకు సాగింది. ఆగింది. దాని కింద ఇంకో చార, మళ్లీ కుడి నుంచి ఎడమకు. చార చివర కుంచె వెంట్రుకలు విడిపోయిన గీతలు.

ఆ చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు. తను జీతం ఇచ్చే చెయ్యి.

లేచి గుమ్మం వైపు ఉరికాడు. తలుపు తెరిచే ఉంది. ఆ గుమ్మంలో నలుపు నిలబడి ఉంది. దాన్ని నెట్టాడు. చల్లగా, తడిగా, గోడలా తగిలింది. అరచేయి నల్లగా వచ్చింది. రోడ్డు మీద ఆటోల చప్పుడు ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"ఏమిటండీ ఇది?" ప్రేమమణి గుసగుసగా అంది. "ప్రభువా, ఏమిటండీ ఇది?"

సదాశివ ఫోన్ తీశాడు. కిటికీ ఎడమ మూల ఇంకా చేతివెడల్పు ఆకాశం మిగిలి ఉంది. దాని దగ్గరికి పోయి, ఫోన్ అక్కడ పెట్టి నొక్కాడు.

"చెప్పన్నా," ఆలిస్ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఆలిస్, ఆపు! కుంచె పక్కన పెట్టు!"

"ఏమంటున్నవ్? వినవడ్తలేదు. ఇంకొంచెమే ఉంది, కొట్టేసి మాట్లాడ్త."

"కొట్టకు! నేను లోపలున్న!"

"యాడ లోపల?"

"ఆ ఇంట్ల! నువ్వు పూస్తున్న ఇంట్ల ఉన్న నేను!"

ఆలిస్ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "అందుకేనా వెచ్చగున్నది," అంది చాలా మెల్లగా. వెంటనే, "ఉండు ఉండు, కడిగేస్త. పచ్చిగనే ఉన్నది, థిన్నర్‌తోని—"

"వద్దు! థిన్నర్—"

అప్పటికే వాసన వచ్చేసింది. ముక్కుపుటాలు మండించే ఆ వాసన గది నిండా కమ్ముకుంది. కిటికీ పక్క గోడ చెమట పట్టి, మైనంలా లోపలికి వాలింది. బ్లాక్‌బోర్డు ఒక పక్కకు ఒరిగింది. థిన్నర్ తగిలితే ఫోమ్ కరిగిపోతుంది. పనిలో చేరిన మొదటివారంలోనే ఎవరికైనా తెలిసే విషయం. కంగారులో ఆలిస్‌కు చేతి కింద ఉన్న ఇల్లు ఫోమ్‌ది అన్న సంగతి గుర్తులేదు. ఇల్లు అన్నదొక్కటే గుర్తుంది.

"ఫోమ్, ఆలిస్! ఫోమ్!" అని అరిచాడు. "సూదితో పొడువు! వసారా దిక్కు!"

చప్పుడు లేదు. ఫోన్‌లో దూది కూరినట్టు. ప్రేమమణి అతని మోచేయి పట్టుకుని కళ్లు మూసుకుంది, పెదవులు కదుపుతోంది. సదాశివకు దేవుడి పేర్లేవీ గుర్తు రాలేదు. తను చెప్పిన మాటే గుర్తొచ్చింది: చుక్క కారొద్దు.

గుమ్మంలోని నలుపు మధ్యలో చిన్న బొడిపె లేచింది. అది పగిలి, రోకలంత లావున ఇనుప మొన ఒకటి నిగనిగలాడుతూ లోపలికి వచ్చింది. ఒక్క క్షణం ఉండి, వెనక్కి పోయింది. ఆ కన్నంలోంచి సాయంత్రపు వెలుగు కర్రలా గదిలోకి దిగింది. దాని వెంట ఆటోల చప్పుడు, చెరువు వాసన.

"అన్నా!" ఫోన్‌లో ఆలిస్ ఏడుస్తోంది. "అన్నా, ఉన్నవా?"

"ఉన్న. ఇప్పుడు బ్లేడుతో గుమ్మం గీకు. నిమ్మళంగ. మనుషులున్నరు."

గీకుతున్న చప్పుడు అతనికి ఫోన్‌లోనూ వినిపించింది, గుమ్మం దగ్గరా వినిపించింది. నలుపు పొట్టుపొట్టుగా రాలింది. దారి అయ్యాక ఇద్దరూ వసారాలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ల వెనక నుంచి పసుపు వెలుగు గడప దాటి, మట్టి మీద పరుచుకుంది. గేటు దగ్గర ఎవరో చిన్నపిల్ల అరిచింది, "టీచర్ ఉంది!"

ప్రేమమణి అతని నల్లటి అరచేతి వైపు చూసింది. లోపలికి వెళ్లి, తన ఫోన్ నంబరు ఒక చాక్‌పీసు డబ్బా మూత మీద రాసి ఇచ్చింది.

శుక్రవారం పొద్దున ఆలిస్ కళ్లు వాచి ఉన్నాయి. కరిగిన మూలను పుట్టీతో సరిచేసి, గుంటలో మిగిలిన నలుపంతా గీకి తీసింది. పచ్చిక పరిస్తే పెసరగింజ మునుపటికంటే నిండుగా వెలిగింది.

"ఇగ ఏం చేద్దామన్నా? ఆయన మెట్లెక్కి వస్తుండు. మూయమంటడు."

"మూయం."

"మరి పనులన్నీ బెంగళూరోళ్లకు పోతయి."

"పోవు." సదాశివ సామాన్ల డబ్బా తెరిచి, అగ్గిపుల్లలో సగముండే ఒక దీపస్తంభం తీశాడు. వీధుల మోడళ్లలో పెట్టే రకం. దాన్ని పచ్చికలో, వెలుగు కారే చోటికి ఆనించి గుచ్చాడు. లీకు కాస్తా తోట దీపమైపోయింది.

యుగంధర్ చూసి నొసలు చిట్లించాడు. "నేనేం చెప్పిన? చీకటి ఉండాలన్న గదా?"

"చీకటి మూలను చూస్తే కొనేవాడు ఏమడుగుతాడు సార్? అక్కడేముంది అని అడుగుతాడు. దీపం ఉంటే అడగడు. తోట అనుకుంటాడు. పిల్లలు సాయంత్రాలు అక్కడ కూర్చుంటారని చెప్పండి, ఆడవాళ్లు ముందు ఆ మూలే చూస్తారు."

యుగంధర్ వెనక్కి జరిగి చూశాడు. నొసటి ముడతలు విడిపోయాయి. "బాగనే ఉంది. అయితే ఇట్లాంటివి వరుసగా పది పెట్టండి."

"వద్దు సార్. ఒక్కటే ఉంటే కన్ను పడుతుంది. పది పెడితే లైట్ల దుకాణం అవుతుంది."

ఆలిస్ గోడ వైపు తిరిగి దగ్గింది. మోడల్ ఆ మధ్యాహ్నమే వ్యాన్ ఎక్కింది. అద్దాల పెట్టె వద్దని, తెరిచి ఉంటేనే అందమని సదాశివ ఒప్పించాడు. ప్రతి సోమవారం తనే వచ్చి దుమ్ము దులిపి పోతానని కూడా అన్నాడు. ఊరికే, ఏమీ తీసుకోకుండా. బేరం ముగిశాక ఉత్తపుణ్యానికి ఒక స్క్రూ కూడా బిగించని మనిషి అలా అనేసరికి యుగంధర్ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు.

సదాశివ లెక్క వేరు. దుమ్ము కూడా వెలుతురును మూసేస్తుంది.

మొదటి సోమవారం పొద్దున అమ్మకాల ఆఫీసు తాళం తీసిన కుర్రాడు టీ తాగడానికి బయటికి పోయాడు. సదాశివ మెత్తటి కుంచెతో పచ్చిక మీద దుమ్ము ఊడ్చాడు. దీపస్తంభం గట్టిగానే ఉంది. దాని కింద పెసరగింజంత కన్నం, అందులో పసుపు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఉండబట్టలేక వంగి, ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆ కన్నానికి ఆనించాడు.

జేబులో ఫోన్ మోగింది. కన్ను అక్కడే ఉంచి ఎత్తాడు.

"అన్నయ్యగారూ, నేను ప్రేమమణిని. పిల్లలు మళ్లీ వస్తున్నారు, చెబుదామనే చేశాను." ఆమె రొప్పుతోంది. "శుక్రవారం నుంచి గుమ్మం ముందు ఒక స్తంభం నీడ పడుతోంది. స్తంభం మాత్రం లేదు. సరే, నీడే కదా, దానికి అలవాటు పడ్డాం. కానీ ఇప్పుడే ఎవరో వాకిలంతా ఊడ్చినట్టు గాలి వచ్చింది. తర్వాత ఇంటి మీదికి ఏదో వంగినట్టు చీకటి కమ్మింది. పొద్దునపూట! అన్నయ్యగారూ, అది కదలడం లేదు. మమ్మల్నే చూస్తున్నట్టుంది."

సదాశివ ఊపిరి బిగబట్టాడు. చాలా మెల్లగా, గాలి కదలకుండా, తల వెనక్కి తీసుకున్నాడు.

"పోయిందామ్మా?"

"ఆ... పోయింది. ఎండ వచ్చింది." ఆమె అడిగింది, "మళ్లీ వస్తుందంటారా?"

"వారానికోసారి వస్తుంది," అన్నాడు సదాశివ, కుంచెను చొక్కా జేబులో పెట్టుకుంటూ. "దానివల్ల మీకేం నష్టం లేదు. ఆ కాసేపు పిల్లల్ని లోపలే ఉంచండి."